వంట చేసినవారు: కెన్సాకు

అన్నం ముద్ద చుట్టేటప్పుడు అన్నం చెయ్యి కాలేంత వేడిగా ఉండాలి. చల్లారితే ముద్ద నిలవదు. మా బావగారు యోషినోబు పురపాలక సభకు పోటీ చేసిన వారమంతా నా అరచేతులు ఎర్రగానే ఉన్నాయి. నేనూ పొరుగింటి తమిక వదినా ముద్దలు చుట్టి నాచు రేకులు అంటిస్తుంటే, అత్తగారు పొయ్యి దగ్గర పులియబెట్టిన సోయాతో కాచే మిసో చారు చూసుకునేవారు. మా ఆయన కెన్సాకు ప్రచారం బండి దిగి వచ్చి, నిలబడే రెండు ముద్దలు తిని, "ఇవాళ కాస్త ఉప్పు తగ్గింది" అని వెళ్ళేవాడు. నాకు కోపం వచ్చేది కాదు. ఇంటి పనికి లెక్కేమిటని పెళ్ళయిన నాటి నుంచి విని విని, అది నా మాటే అనుకోవడం అలవాటైపోయింది.

బావగారు గెలిచారు. బండి నడిపినవాళ్ళకీ, మైకు పట్టుకున్న అమ్మాయిలకీ పేరుపేరునా తలవంచి కృతజ్ఞతలు చెప్పారు. మా వంతు వచ్చేసరికి "వంటింటి వాళ్ళక్కూడా" అన్నారు.

కొన్నాళ్ళకు ఊరి సమాచార పత్రికలో ఓ మూల చిన్న ప్రకటన వచ్చింది. అభ్యర్థుల ఎన్నికల లెక్కలు పురపాలక కార్యాలయంలో ఎవరైనా చూడవచ్చట.

"ఎవరైనా అంటే మనం కూడానా?" అంది తమిక వదిన. నవ్వుకుంటూ వెళ్ళాం. గుమాస్తా కట్ట తెచ్చి బల్లమీద పెట్టాడు. డబ్బుకు బదులు శ్రమ ఇచ్చినవారి పేర్ల మధ్య, ఆ శ్రమకు కట్టిన వెలతో సహా కనిపించింది: "వంట సాయం, ఉచితం. దాత: కెన్సాకు."

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గుడ్డు ఉడకబెట్టడం రాని మనిషి ఊరికంతా వండిపెట్టాడట. నాకూ నవ్వాగలేదు. నవ్వుతూనే ఆ వరుస మళ్ళీ చదివాను. నా పనికి విలువ లేదని వీళ్ళు అనుకోలేదు. విలువ కట్టారు, ఎదురుగా అంకె కూడా వేశారు. పేరొక్కటే మార్చారు.

ఆ ఆదివారం అత్తగారింట్లో భోజనాల దగ్గర అడిగేశాను.

"ఇంటిపేరు ఒకటేగా," అన్నాడు మా ఆయన.

"అయితే రేపటి ముద్దలు మీరు చుట్టండి. చేతులూ ఒకటేగా."

బావగారు గిన్నె కింద పెట్టారు. "ఆ కాగితాలు ఎవరు చూస్తారమ్మా?"

"మేం చూశాం బావగారూ."

అత్తగారు చారు గిన్నెలోంచి తలెత్తలేదు. "సరిచేసి ఇవ్వరా యోషీ. నీ మరదలు సనాయె పేరు, తమిక పేరు రాయి. చారు దగ్గర నా పేరు రాయి. మీ నాన్న నిలబడ్డప్పుడూ నేనే కాచాను. అప్పుడెవరి పేరు రాశారో ఏమో."

సవరణ వెళ్ళిందని తెలిసిన రోజున అత్తగారు మంచి కోటు వేసుకుని మాతో కార్యాలయానికి బయల్దేరారు. "షిగె" అన్న తన పేరు అక్షరాల కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుకున్నారు. ఇక లేద్దామని నేను కుర్చీ జరిపాను. ఆవిడ కదల్లేదు.

"మిగతా అభ్యర్థులవీ తీసుకురా నాయనా," అన్నారు గుమాస్తాతో. "వాళ్ళకెవరు వండారో చూద్దాం."