అర మెట్టు కిందికి

అక్క పాడేది, బుల్లి పియానో వాయించేది. జాజ్ వినేవాళ్లకు ఇద్దరూ కలిపి ఒకే మనిషి కింద లెక్క.

పియానో వాళ్ల మేనత్తది. ఆవిడ చిన్న ఇంటికి మారుతూ, ఆ మెట్ల మీదుగా అది ఎక్కదని తేలాక, వీళ్ల ముందుగదిలో దింపించి వెళ్లింది. పాఠాలు పెట్టించింది అక్కకి. అక్క వేళ్లు మొండికేశాయి. పక్కన కూర్చుని చూసిన బుల్లికి అవే పాఠాలు ఒంటబట్టాయి. అక్కకి గొంతుంది కాబట్టి గొడవ లేకుండా పంపకాలు జరిగిపోయాయి. ఆ తర్వాత హోటల్ హాళ్లలో, పెళ్లి విందుల్లో, నేలమాళిగల్లోని చిన్న క్లబ్బుల్లో ఇద్దరూ కలిసే పెద్దవాళ్లయ్యారు.

పాటలు కట్టేది బుల్లే. కట్టిన వరస చుట్టూ అప్పటికప్పుడు కొత్తగా అల్లుకుంటూ పోవడమే జాజ్ కదా. అయినా అక్క వెనక ఉన్నప్పుడు బుల్లి పెద్దగా అల్లేది కాదు. అక్క ఊపిరి తీసుకునే చోట ఓ చిన్న తునక వేసి ఊరుకునేది.

అక్కకి యాభై దాటిన ఏడాది ఒక సాయంత్రం, పాటలో పైస్థాయి దగ్గర గొంతు జీరపోయింది. అక్క గమనించలేదు, బుల్లి గమనించింది. మరుసటి వారం అదే పాటను శ్రుతి అర మెట్టు తగ్గించి ఎత్తుకుంది.

"ఇవాళ గొంతు భలే పలికింది కదూ?" అంది అక్క, వేదిక దిగాక.

"పలికింది," అంది బుల్లి.

ఆ అర మెట్టు మళ్లీ ఎక్కింది లేదు. రెండేళ్లకు ఇంకో అర మెట్టు దిగింది.

బావకి తెలుసు. బేస్ గిటార్ వాయించేది ఆయనే. పియానో శ్రుతి మారితే ఆయన వేళ్లూ జరగాల్సిందే. మొదటిసారి తలెత్తి బుల్లి వైపు చూశాడు, అంతే. దాని మీద వాళ్లిద్దరూ ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. భోజనాల దగ్గర అక్క "నా ఈడు వాళ్ల గొంతులు బొంగురుపోయాయి, నాది మాత్రం చెక్కుచెదరలేదు" అన్నప్పుడల్లా బావ మంచినీళ్లు అందుకునేవాడు, బుల్లి వడ్డనలో పడేది.

కీళ్ల నొప్పులతో బావ వాయించడం మానేశాక కొత్తాయన వచ్చాడు. లావుపాటి మనిషి, మాటకారి. అక్కాచెల్లెళ్ల పాత రికార్డులు అరిగేదాకా విన్నాడు. మొదటి రిహార్సల్లోనే మధ్యలో ఆపేశాడు.

"ఒక్క నిమిషమండీ. రికార్డులో ఇది ఇంకా పైన ఉంటుంది కదా? బాగా కిందికి వచ్చేశాం."

డ్రమ్ముల దగ్గరి మనిషి పుల్లలు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూడసాగాడు. అక్క బుల్లి వైపు తిరిగింది.

"ఈ పాట ఒక్కటేనా?"

"కాదు. అన్నీ."

"మీ బావకి తెలుసా?"

బుల్లి ముందున్న స్వరాల కాగితాలు సర్దసాగింది. అక్కకి జవాబు దొరికింది.

"శనివారం పాత శ్రుతిలోనే వాయించు," అంది.

శనివారం బుల్లి చెప్పినట్టే చేసింది. పైస్వరం అందుకోబోయి అక్క గొంతు చీలింది. పాటలో ఆ చోటు రెండోసారి వచ్చినప్పుడు ఆమె తప్పించుకోలేదు, మళ్లీ అందుకోబోయింది, మళ్లీ చీలింది. జనం చప్పట్లు కొట్టారు. మర్యాదకి కొట్టే చప్పట్లు ఎలా ఉంటాయో ఇద్దరికీ బాగా తెలుసు.

వేదిక వెనక గదిలో అక్క అద్దం ముందు కూర్చుని చెవి కమ్మలు తీసింది.

"మొగుడూ చెల్లెలూ కలిసి నన్ను చంటిపిల్లని చేసి ఆడించారు."

"నువ్వు బాధపడతావని..."

"అబద్ధమాడకు."

"పాడటం మానేస్తావని భయమేసింది. నువ్వు మానేస్తే నేనెవరి కోసం పాట కట్టాలి? నాకు నీ గొంతు తప్ప ఇంకేదీ వినపడదు."

"అంటే నీ భయానికి నా గొంతు కింద దిండు పెట్టావన్నమాట," అంది అక్క. కమ్మలు సంచీలో పడేసుకుని వెళ్లిపోయింది.

ఆ పైన అక్క పాడలేదు, ఫోనూ ఎత్తలేదు. ఒప్పుకున్న కచేరీలు బుల్లి ఒక్కతే చేయాల్సొచ్చింది. తన పాటలే తనకి వింతగా తోచాయి. ఎడమచెయ్యి అడుగున, కుడిచెయ్యి పైన, నడుమ అంతా బోడి. ఇన్నాళ్లూ అక్క గొంతు నిలబడటానికి ఆ చోటు వదిలి కట్టింది. మొదట్లో కంగారుగా దాన్ని స్వరాలతో నింపేసింది. సంతలో ఉన్నట్టుంది. తర్వాత్తర్వాత ఒక్కో వేలే అందులోకి పంపి చూసింది. ఆ శీతాకాలమంతా పియానో వాయించడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. అక్క లేకపోయినా తన చేతులు పనిచేస్తాయని తెలిసినందుకు సంతోషించింది, సంతోషించినందుకు కాస్త సిగ్గుపడింది కూడా.

ఒకనాటి పొద్దున్నే అక్క చెప్పాపెట్టకుండా వచ్చింది. చెప్పులు విడిచి, పలకరింపు కూడా లేకుండా పియానో ముందు నిలబడి, ఒక్కో మీట చూపుడువేలితో నొక్కుతూ గొంతు కలిపింది. కిందికి, ఇంకా కిందికి. పాతరోజుల్లో ఎన్నడూ దిగనంత లోతుకి. అక్కడ ఆమె గొంతు గరుకుగా, నిబ్బరంగా ఉంది.

"ఇక్కణ్ణుంచి," అంది అక్క ఒక మీట మీద వేలు పెట్టి. రెండో చెయ్యి ఇంకో మీట మీద ఆనించింది. "ఇక్కడిదాకా. నాకు మిగిలింది ఇదీ. ఇందులో కడతావా?"

"పాత పాటలు దించుకుందామా?"

"వద్దు. అవి రికార్డుల్లోని ఆ అమ్మాయివి. నాకు కొత్తది కావాలి."

బుల్లి కట్టిన ఆ కొత్త పాట నిదానంగా నడుస్తుంది. అక్క ఒక చరణం పాడి ఆగితే పియానో తన దారిన తాను చాలాసేపు తిరిగి వస్తుంది. ఆ కాసేపూ అక్క పక్కన నిలబడి వింటుంది. ఇప్పుడు బుల్లి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ఆ పాటే. రికార్డు అట్ట మీద పాట కట్టినవాళ్ల చోట బుల్లి పేరొక్కటే చూసి అక్క, "కొలతలిచ్చింది నేను కదా," అంది. తర్వాతి ముద్రణలో ఇద్దరి పేర్లూ వేయించారు.

అక్క ఇంకా కొన్నేళ్లు పాడింది, చివర్లో కుర్చీలో కూర్చుని. ఒక ఆదివారం అక్క ఇంట్లో బావ కూరగాయలు తరుగుతుంటే, పాడటం ఇక చాలని తనే చెప్పింది. బుల్లి బతిమాలలేదు. "అన్నం తినే వెళ్తాను," అని కంచాలు తీసింది.