సాలమ్మ పొడి తాగిన గొర్రెపిల్ల

మునగాలలో పొద్దున్నే యాదగిరి మందను తోలుకుపోగానే, ఆయన భార్య సాలమ్మ దొడ్డి ఊడ్చేది. హైవే వెడల్పు చేస్తున్న రోజులవి. ఆ రోడ్డు మీద గొర్రెలను దాటించడం గురించి మొదలుపెడితే పొద్దుగూకుతుంది కనుక వద్దులెండి. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక కూడా ఆమె చీపురు ఎవరికీ ఇవ్వలేదు. అయితే ఆ జబ్బు మళ్లీ రాకుండా రోజూ మింగమన్న గోలీ మొదలయ్యాక, వేళ్లూ మోకాళ్లూ పట్టేసి చీపురు చేతిలోంచి జారిపోసాగింది.

సూర్యాపేట డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. "విటమిన్ డి బాగా తక్కువుంది. ఈ పొడి వారానికొకసారి పాలల్ల కలుపుకొని తాగు. గోలీ మాత్రం ఆపకు" అంది.

సాలమ్మ తాగలేదు. గొర్లకాపరుల ఇంట్లో ఏదైనా ముందు మందలో బలహీనమైనదానికే. అప్పుడొక గొర్రెపిల్ల ముందుకాళ్లు వంకరపోయి లేవలేకుండా ఉంది. పొడి కలిపిన పాలు వారం వారం దానికే పట్టింది. పిల్ల లేచి నిలబడింది. ఆనాటి నుంచి దాని నీడ పడాల్సిన చోట నేల మీద ఎండ పడేది. ముసురు పట్టినప్పుడు పక్కింటి వీరమ్మ మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి దాన్ని అడిగి తీసుకుపోయి, సాయంత్రం తెచ్చి కట్టేసేది.

సాలమ్మ నొప్పులు మాత్రం తగ్గలేదు.

"ఇగ ఆ గోలీ బంద్ జేస్త" అంది ఒక సాయంత్రం.

"రోగం మళ్లొస్తే?" అన్నాడు యాదగిరి.

"వస్తే రానీ. ఇట్ల బతుకుడు నాతోని గాదు."

"పొడి తాగుతున్నవా?"

సాలమ్మ పిల్లవైపు చూసింది.

"దానికి పోసినవా? గోలీలు గూడ దానికే ఏస్తున్నవా ఏంది?"

"గోలీలు నేనే మింగుతున్న. దాని కాళ్లు సూడలేకపోయిన."

"మరి నీ కాళ్లు ఎవరు సూడాలె?"

అంతలో పిల్ల తాడు తెంపుకొని వచ్చి సాలమ్మ పక్కన నిలబడింది. ఆమె మోకాళ్ల మీద వెచ్చగా ఎండ పడింది. ఆమె కాళ్లు ఆ ఎండలోకి చాపుకుంది. తర్వాత గోలీ అడిగి మింగింది. మర్నాడు పాలల్లో పొడి కలుపుకొని తానే తాగింది.

అప్పట్నుంచి పిల్ల ఆమెను వదల్లేదు. మిరపకాయలు బూజు పట్టాయని వీరమ్మ అలిగింది.

నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. చలికాలం చివర ఒక పొద్దున సాలమ్మ దొడ్డి ఊడుస్తూ, పిల్ల కింద పడిన ఎండ దగ్గర ఆగి, దాని చుట్టూ ఊడ్చింది. చీపురు జారలేదు.