పేరు చోట ఖాళీ

ఆఫీసులో అందరూ ఆయన్ని కత్తెర అనేవారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా అనే గుండె ఎవరికీ లేదు. కంపెనీ నుంచి ఇంగ్లీషులో బయటికెళ్ళే ప్రతి ఉత్తరమూ ఆయన చేతుల్లో కోత పడాల్సిందే. ఆ గదిలో ఉండేది ఇద్దరు. ఆయనా, భార్య పోరు పడలేక ఆయనే చేర్పించిన ఆమె అన్న కూతురూ. నెలాఖరుకి ఇద్దరిలో ఒకరే మిగులుతారని మేనేజరు చెప్పేశాడు. పోయేదెవరో కత్తెరకి అనుమానమే లేదు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల కాక తనా?

చేదు ఉత్తరం ఏదైనా పేరు చోట ఖాళీ వదిలి రాయాలన్నది అక్కడి పద్ధతి. మనిషి తెలిస్తే మొహమాటంతో మాట మెత్తబడుతుందని ఆయనే పెట్టించాడు. ఉద్యోగంలోంచి తీసేసే ఉత్తరమొకటి రాసి కత్తెరతో దిద్దించుకోమని మేనేజరు పిల్లకి పురమాయించాడు. ఆ మాట వినగానే ఆయనకి కడుపు నిండిపోయింది. తన ఉత్తరం తానే రాసుకుంటోంది పిచ్చిమొహం.

“స్టెప్ డౌన్ ఏంటమ్మా? తనంతట తాను పరువుగా తప్పుకుంటే స్టెప్ డౌన్ అంటారు. ఇక్కడ మనం మెడపట్టి గెంటుతున్నాం. కొట్టెయ్.”

“కొంచెం మర్యాదగా ఉంటుందని, మావయ్యా.”

“మర్యాద కావాలంటే పెళ్ళిపత్రికలు రాసుకో.”

పిల్ల లే ఆఫ్ అని రాసి తెచ్చింది.

“పని లేక పంపితే లే ఆఫ్. రేపు పని దొరికితే మళ్ళీ పిలవమంటాడు. డిస్పెన్స్ విత్ అని రాయి. నీ సేవలు మాకు ఇక అక్కర్లేదని. అంతకంటే చల్లగా చెప్పలేం.”

“బతిమాలుకుంటూ వస్తే?”

“ఎంటర్ ఇంటు ఎందుకుంది మరి? ఈ విషయంలో మేము ఎలాంటి ఉత్తరప్రత్యుత్తరాల్లోకీ దిగబోమని రాయి. గడియ పెట్టేసినట్టే.”

పిల్ల కళ్ళు నీళ్ళతో నిండాయి. ఆయనకి జాలి కలగలేదు సరికదా, హాయిగా అనిపించింది. ఇలాంటి మనుషులుంటారు, ఏం చేస్తాం.

మర్నాడు ఉదయం ఆ ఉత్తరం కత్తెర బల్ల మీదికే వచ్చింది. ఖాళీలో ఆయన పేరు టైపు చేసి ఉంది. పని నేర్చిన పిల్ల ఉండగా నేర్పినవాడు దండగని మేనేజరు తేల్చుకున్నాడు. ఆయన రెండుసార్లు చదివాడు. దిద్దడానికి ఏమీ దొరకలేదు. మొహం చెల్లకపోయినా మేనేజరు గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. మేనేజరు తలెత్తకుండా ఉత్తరంలో ఆఖరి వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు.

తిరిగొచ్చి పిల్లని అడిగాడు. “నీకు ముందే తెలుసా?”

“తెలుసు. చెబితే నన్నూ తీసేస్తామన్నారు. అందుకే మావయ్యా, మొదట స్టెప్ డౌన్ అని రాశాను.”

ఆయన ఉత్తరం మడిచి సంచీలో పెట్టుకున్నాడు. ఇల్లు చేరేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. తీసేసే ఉత్తరం ఒకటి తయారవుతోందని ముందురోజు ఆయనే చెప్పి ఉన్నాడు.

“పిల్ల ఉద్యోగం నిలబడిందా?”

“నిలబడింది.”

“హమ్మయ్య,” అంది ఆమె, ఆయన చేతిలోని సంచీ అందుకుంటూ. “మీరు దగ్గరుండి నేర్పబట్టే కదా.”