ఏడో చెయ్యి

నెలలో మొదటి శనివారం వచ్చిందంటే పద్మశ్రీకి మధ్యాహ్నం తిండి సగమే. రెండింటికల్లా తొమ్మిదో నంబరు గదిలో బల్లలు సర్దాలి, హాజరు పుస్తకం తిప్పాలి, పోయిన నెల మినిట్స్ చదవాలి. నాచారం ఫ్యాక్టరీల వెనకున్న ఆ డిగ్రీ కాలేజీలో ఆమె విద్యార్థి సంఘానికి సెక్రటరీ. పదమూడు సెక్షన్లు, సెక్షన్‌కొకరు చొప్పున పదమూడు మంది ప్రతినిధులు. ప్రెసిడెంటూ సెక్రటరీ వాళ్ళలోంచే. ప్రిన్సిపాల్ వెంకటరామయ్యగారు పెద్ద కుర్చీలో కూర్చుంటారు గానీ ఆయనకు ఓటు లేదు. సెక్రటరీ చదివిన మాటే తీర్మానం. అది నెగ్గాలంటే ఏడు కుడిచేతులు లేవాలి.

చిక్కంతా అక్కడే ఉంది. తీర్మానం వీగిపోతే చేతులు వెంటనే దిగుతాయి. నెగ్గిందా, ఆ పని పూర్తయ్యేదాకా లేచిన చెయ్యి లేచినట్టే ఉంటుంది. కాలేజీ పెట్టిన నాటినుంచీ అంతే. లాగినా దిగదు, నూనె రాసి మర్దనా చేసినా దిగదు, నిద్రలో కూడా దిగదు.

మరి సంఘం ఊరుకుంటుందా, తెలివిమీరింది. చాక్‌పీసులు, వాలీబాల్ నెట్, ఫ్రెషర్స్ డేకి మైక్ సెట్టు. పొద్దున ఎత్తితే సాయంత్రానికి దిగే పనులే ఎజెండాలో ఉండేవి. ఒక ఏడు సైకిల్ స్టాండుకి రేకులు వేయిస్తామని ఎవరో ఉత్సాహవంతులు చేతులెత్తి, ఇరవై మూడు రోజులు ఎడమచేత్తో అన్నం తిని, ఇంట్లో దాంతోపాటు తిట్లూ తిన్నారు. మళ్ళీ రేకు మాట ఎత్తిన మనిషి లేడు. ఎత్తాల్సింది ఏడుగురే కాబట్టి వంతులు కూడా పెట్టుకున్నారు. డిసెంబరు దాటితే ఫైనలియర్ వాళ్ళు ఎత్తకూడదు, మార్చిలో పరీక్షలు. సెక్రటరీ అయితే అసలే ఎత్తకూడదు, మినిట్స్ ఎవరు రాస్తారు? ఇవేవీ సంఘం నియమావళిలో లేవు. నియమావళికన్నా గట్టిగా నడిచేవి.

ఇంత తెలివి మీద నడిచే కాలేజీలో రెండువందల పద్దెనిమిది మంది ఆడపిల్లలకు ఒక్క మరుగుదొడ్డి లేదు. ఉన్నది మూడేళ్ళ కిందటి వానలకు పైకప్పు కూలి, దాన్లో విరిగిన బెంచీలు వేశారు. మరి పిల్లలు ఏం చేసేవారంటే, నీళ్ళు తాగడం మానేసేవారు. పొద్దున ఇంట్లో టీతో సహా ఏదీ ముట్టుకోకుండా బయల్దేరి, సాయంత్రం నాలుగున్నరకు ఇల్లు చేరి, చెప్పులు విప్పకుండానే లోపలికి పరుగెత్తేవారు. ఏటా ఎవరో ఒకరు సంఘంలో ఆ మాట తేవడం, చూద్దాంలే అని అందరూ ఫ్యాను వంక చూడడం. చూడక ఏం చేస్తారు, బిల్డింగంటే నెలల పని మరి.

అక్టోబరు నెలాఖర్లో సెకండియర్ ధనశ్రీ క్లాసులోనే ఒరిగిపోయింది. రామంతాపూర్ పిల్ల, సెక్షన్ ప్రతినిధి కూడా. ఆస్పత్రిలో తొమ్మిది రోజులుంచారు. మూత్రపిండాలకు ఇన్ఫెక్షన్ సోకిందన్నారు. మళ్ళీ ఇట్లా జరిగితే మామూలుగా ఉండదని డాక్టరు చెబితే, వాళ్ళ నాన్న ఈ చదువూ వద్దు ఏమీ వద్దన్నాడు. పరీక్షలదాకా గడువిమ్మని బతిమాలుకుని వచ్చింది ధనశ్రీ.

అది డిసెంబరు సమావేశం. తెలంగాణ వచ్చుడే అని సగం, రానివ్వం అని సగం, ప్రతి మాటకూ రెండు ముక్కలయ్యే సంఘం ఆ రోజు మాత్రం వేరే గీత మీద చీలింది. పద్మశ్రీ తాను రాసుకొచ్చిన తీర్మానం చదివింది.

"ఈ కాలేజీలో ఏ ఆడపిల్లా నీళ్ళు తాగడానికి భయపడకూడదు."

వెంకటరామయ్యగారు కళ్ళజోడు తీశారు. "అదేం తీర్మానం అమ్మా? మరుగుదొడ్ల నిర్మాణం అని రాయి, తేలిగ్గా ఉంటుంది."

"గట్ల రాస్తే గోడలు లేపి వదిలేస్తరు సార్."

"మరి ఇది పూర్తయిందని ఎలా తెలుస్తుంది?"

"చెయ్యే చెప్తది."

మొదట ధనశ్రీ చెయ్యి లేచింది. ప్రెసిడెంట్ గౌతమ్ ఫైనలియర్ కుర్రాడు, క్రికెట్ పిచ్చోడు, చెయ్యెత్తితే ఆ సీజను పోయినట్టే. ఒకసారి ధనశ్రీ మొహంలోకి చూసి వాడూ ఎత్తాడు. వెనక బల్ల మీద నలుగురు ఎత్తారు. ఆరు. ఇంకెవరైనా ఉన్నారా అని పద్మశ్రీ మూడుసార్లు అడిగింది. ఆరుగురు మగపిల్లలు ఎప్పట్లాగే ఫ్యాను వంక చూశారు, అది తిరగడం లేదు కూడా.

ఇప్పుడు ఆమె చెయ్యాల్సింది ఒక్కటే, 'వీగిపోయింది' అని రాయడం. కలం చేతిలోనే ఉంది. సంచిలో పోచారం కంపెనీవాళ్ళ కాగితం ఉంది. అన్ని పేపర్లూ ఒకేసారి పాసైతే జూన్ పదిహేను నుంచి ఉద్యోగం. ఫ్యాక్టరీలో మూడు షిఫ్టులూ మార్చి మార్చి చేసి చదివించిన నాన్న మొగిలయ్య ఆ కాగితాన్ని చదవడం రాక, వాసన చూసి తిరిగిచ్చాడు. అమ్మ లక్ష్మీనర్సమ్మ గల్లీ అంతా తిప్పి చూపించింది. రాసే చెయ్యి పైకి పోతే పరీక్షేంది, ఉద్యోగమేంది? ధనశ్రీ ఎండిన పెదాలు నాలుకతో తడుపుకుంది, అంతే.

పద్మశ్రీ కలంతో సహా చెయ్యెత్తింది.

"ఏయ్, నువ్వు సెక్రటరీవి!" అన్నాడు గౌతమ్ గాభరాగా.

"సెక్రటరీకి చెయ్యి లేదా?"

ఆ రోజు మినిట్స్ ఆమె చెబుతుంటే, చెయ్యెత్తనివాళ్ళలో ఒకడు తలొంచుకుని రాశాడు.

ఇంటికి పోతే లక్ష్మీనర్సమ్మ కూతుర్ని కింద నుంచి పైదాకా చూసింది. "ఎప్పుడు దిగుతదట?"

"తెల్వదమ్మా."

"పరీచ్చలకన్న దిగుతదా?"

లక్ష్మీనర్సమ్మ కాసేపు గోడకు చేరగిలబడి కళ్ళు తుడుచుకుంది. తర్వాత లేచి, బిడ్డ కుర్తాలన్నీ తీసి చంక కింద కుట్లు విప్పి గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. "నీ అయ్యకు నేన్ చెప్త. నువ్వైతే ఎడమ చెయ్యితోటి రాసుడు నేర్సుకో," అంది.

చెయ్యెత్తుకున్న మనిషికి కష్టాలతోపాటు కొన్ని సుఖాలూ ఉంటాయి. పద్మశ్రీ రోడ్డు పక్కన నిలబడితే చాలు, ఉప్పల్ వెళ్ళే షేర్ ఆటోలన్నీ వచ్చి ముందర ఆగేవి. ఇక ఆఫీసుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏడుగురూ ఏడు చేతులెత్తుకుని వరుసగా బెంచీ మీద కూర్చుంటే ఎంతటి అధికారైనా ఎంతసేపని చూడనట్టుంటాడు? "ఏమ్మా, ఏం కావాలి, చెప్పండి ముందు," అనేవారు. మామూలుగా ఏడాది పట్టే సంతకాలు నెలన్నరలో పడ్డాయి. సంక్రాంతి సెలవులయ్యేసరికి పునాది తవ్వారు. పగలంతా పద్మశ్రీ ఇటుకల దగ్గర నిలబడేది, సాయంత్రం ఇంట్లో పలక మీద ఎడమచేత్తో అ ఆలు దిద్దేది. చదవాల్సినవి అలాగే ఉండిపోయాయి.

మార్చి మొదటి వారంలో నాలుగు గదుల కట్టడం లేచింది. గులాబీ రంగు వేశారు. వెంకటరామయ్యగారు రిబ్బన్ కత్తిరించారు. అందరూ చప్పట్లు కొట్టి, ఏడుగురి వంకా చూశారు. ఒక్క చెయ్యీ దిగలేదు. ఫొటోలో బాగుండదు కాస్త చేతులు దించండని అడిగాడు ఫొటోగ్రాఫర్. ఇంకో ఊరివాడు పాపం, తెలియదు.

ఎందుకు దిగలేదో మర్నాడు తెలిసింది. గదులకు తాళం వేసి ఉంది.

"ఏప్రిల్ నెలాఖర్లో తనిఖీ కమిటీ వస్తోందమ్మా," అన్నారు వెంకటరామయ్యగారు. "అప్పటిదాకా శుభ్రంగా ఉండాలి. వాళ్ళు చూసి పోయాక తీద్దాం."

అమ్మ పెట్టనూ పెట్టదు, అడుక్కు తిననూ తిననివ్వదంటే ఇదే మరి. ఏడుగురూ ఆయన గది ముందు వరండాలో కూర్చున్నారు. ఆయన వెనక తలుపులోంచి వెళ్ళిపోవడం నేర్చుకున్నారు. ఇంతలో పరీక్షలు వచ్చిపడ్డాయి.

మొదటి పేపరు రోజు వెంకటరామయ్యగారు హాలు హాలూ చూసుకుంటూ వచ్చి పద్మశ్రీ బల్ల దగ్గర ఆగారు. కుడిచెయ్యి పైకి నిలిచి ఉంది. ఎడమచేత్తో ఒక్కో అక్షరం చెక్కుతోంది. అరగంటలో పదకొండు లైన్లు. నాలుక పంటి కింద పెట్టుకుని, చిన్నపిల్లలా, అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తోంది. ఆయన అక్కడే చాలాసేపు నిలబడ్డారు. బయటికి వచ్చి అటెండర్ వెంకటనర్సమ్మను పిలిచి, "ఆ తాళం తీసెయ్. దాన్ని తాళంచెవితో సహా తీసుకొచ్చి నాకివ్వు, మళ్ళీ ఎవరూ వేయకుండా నేనే పారేస్తాను," అన్నారు.

తాళం తీశారు. అయినా చేతులు దిగలేదు.

"ఇంకేం కావాలంట దీనికి?" అన్నాడు గౌతమ్, తన చేతిని తనే గుర్రుగా చూసుకుంటూ. వాడూ ఎడమచేత్తోనే రాస్తున్నాడు. "తలుపులున్నాయి, గొళ్ళాలున్నాయి, నీళ్ళొస్తున్నాయి. నీ తీర్మానం మా కొంప ముంచింది, పద్మా."

"నీళ్ళు తాగుతున్నరా, అది సూడాలె," అంది పద్మశ్రీ.

నిజమే, తాగడం లేదు. తలుపు తీసినంత మాత్రాన భయం పోతుందా? చిన్నప్పటి బళ్ళోనుంచి వచ్చిన అలవాటు. పద్మశ్రీ ఆడపిల్లలందరి పేర్లూ ఎక్కించిన హాజరు పుస్తకం చంకలో పెట్టుకుని సెక్షన్ సెక్షన్‌కూ తిరిగింది. ధనశ్రీ వెనకే నీళ్ళ సీసాలతో నడిచింది. ఒక్కో పిల్లనూ నిలబెట్టి, తాగించి, పేరుకెదురుగా టిక్కు పెట్టింది. కొందరు సిగ్గుపడ్డారు, కొందరు నవ్వారు. నారపల్లి నుంచి వచ్చే ఫస్టియర్ సాలమ్మ రెండు గుక్కలు తాగి ఎందుకో ఏడ్చింది. ధనశ్రీ అయితే రోజుకు మూడు సీసాలు. వాళ్ళ నాన్న వచ్చి గులాబీ గదులు చూసి వెళ్ళిపోయాడు. చదువు మాన్పించే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇదంతా జరిగేలోపు రెండో పేపరు, మూడో పేపరు అయిపోయాయి. ఎడమచేత్తో రాసిన ఆ మూడింట్లో ఒకటి పోయిందనీ, దాంతోపాటు పోచారం ఉద్యోగమూ పోయిందనీ కాగితం మీద తెలిసింది జూన్‌లో. పద్మశ్రీకి మాత్రం మూడో పేపరు ఇచ్చి బయటికొస్తున్నప్పుడే తెలుసు. గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చుని ఎడమచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రెండువందల పద్దెనిమిది పేర్లకూ టిక్కులు పడ్డాయి. ఇంకెవరు మిగిలారు?

నాలుగో పేపరు ఏప్రిల్ ఎనిమిదో తారీకున. పొద్దున తొమ్మిదికే ఎండ చురుక్కుమంటోంది. వెంకటనర్సమ్మ బకెట్టు, స్టీలు గ్లాసు పట్టుకుని వరుసల మధ్య తిరుగుతోంది. పోయినేడు ఆమె బకెట్టు ఆడపిల్లల వరుసలోంచి నిండుగా వెనక్కి వచ్చేది. ఇప్పుడు అందరూ అడిగి మరీ తాగుతున్నారు. పద్మశ్రీ దగ్గరికొచ్చి గ్లాసు చాచింది.

"వద్దమ్మా," అంది పద్మశ్రీ తల ఎత్తకుండా.

వెంకటనర్సమ్మ కదల్లేదు. "అందరికి తాపిస్తివి బిడ్డా," అంది మెల్లగా. "నువ్వెప్పుడు తాగినవ్?"

ఎడమచేతిలో కలం ఆగిపోయింది. పద్మశ్రీ గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. ఈ గేటు లోపల మూడేళ్ళలో ఒక్కసారి? ఆరో తరగతిలో బడి వెనక ముళ్ళకంపల్లోకి పోతే మగపిల్లలు గోడ మీదనుంచి రాళ్ళేసి నవ్వినప్పటినుంచి, బయట ఎక్కడైనా ఒక్కసారి? హాజరు పుస్తకంలో తన పేరు దగ్గరికొచ్చినప్పుడు ఆలోచించకుండా టిక్కు పెట్టుకుంది. ఇప్పుడు గ్లాసు ముందరే ఉంది, గొంతు పిడచకట్టుకుపోయి ఉంది, అయినా చెయ్యి చాచబుద్ధి కావడం లేదు. తాగితే మధ్యలో లేవాలి. అందరూ చూస్తారు. అబ్బాయిల హాలు దాటి పోవాలి. అయ్యో దేవుడా, నాకింత భయమా అనుకుంది. ఊరందరి భయం లెక్కబెట్టిన మనిషికి తన భయం కనబడలేదు. సిగ్గేసింది, ఆ వెనకే కోపమొచ్చింది.

కలం కింద పెట్టి, గ్లాసు అందుకుంది. గటగటా తాగింది. మళ్ళీ చాపింది. మూడో గ్లాసుకు కుర్తా ముందంతా తడిసింది.

కుడిచెయ్యి బల్ల మీద దబ్బుమని పడింది.

పక్క హాల్లో దబ్, దబ్ మని ఒకదాని వెనక ఒకటి వినిపించాయి. "ఓరి నాయనో!" అన్న గౌతమ్ కేక గోడకవతలనుంచి వచ్చింది. ఇన్విజిలేటర్ మేడమ్ నిశ్శబ్దం అంది. నాలుగు నెలల తర్వాత కిందికొచ్చిన చెయ్యి చల్లగా, మొద్దుబారి, పరాయిదానిలా ఉంది. పద్మశ్రీ దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో నిమిరింది. వేళ్ళలోకి నెత్తురు ముళ్ళు గుచ్చుతున్నట్టు పాకింది. కలం పట్టించి, రాసి చూసింది. పాత అక్షరాలే, గుండ్రంగా, గబగబా వచ్చాయి. కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే మూడు ప్రశ్నలు రాసేసింది.

పదకొండు కావస్తుండగా, పొత్తికడుపు బరువెక్కింది. గడియారం చూసింది. ఇంకా గంట ఉంది, రెండు పెద్ద ప్రశ్నలున్నాయి. సాయంత్రం దాకా ఆపుకోవడం ఎలాగో ఆమెకు తెలుసు, తొమ్మిదేళ్ళుగా చేస్తున్న పనే.

పద్మశ్రీ కలం మూసి, కుడిచెయ్యి ఎత్తింది. మేడమ్ తలెత్తి చూసింది.

"బాత్రూంకు పోయొస్త, మేడమ్," అంది, హాలంతటికీ వినబడేలా. చెయ్యి దించి లేచింది. అబ్బాయిల హాలు ముందునుంచి, ఎక్కడా తొందరపడకుండా నడుచుకుంటూ వెళ్ళింది.