కంపకొమ్మ నాటిన చోట

నీళ్ళ మీద ఎరుపు.

చాటంత ఎరుపు. కదిలే ఎరుపు. కొరమీను పిల్లలు వందలుగా గుంపుకట్టి పైకి తేలితే చెరువు అలా కనిపిస్తుంది... కింద, కనబడకుండా, తల్లీ తండ్రీ కాపలా.

ఆ ఎరుపు కోసమే జయరత్నం సారు రోజూ పొద్దున్నే చెరువుకట్ట మీదికి వస్తాడు.

ఏడాదిగా అది కనబడలేదు.

పుంగనూరు బడికి బస్సు ఎనిమిదింటికి. అంతదాకా చూస్తాడు. నీళ్ళున్నాయి. నిండుగా — ఖాళీగా.

ఆయన భార్య మేరమ్మ కుప్పం పక్క పల్లెలో, చేపలు పట్టే ఇంట్లో పుట్టింది. వాళ్ళ నాయనది ఒక పద్ధతి. ఎరుపు కనబడితే ఒడ్డున కంపకొమ్మ నాటాలి. కొమ్మ ఉన్నన్నాళ్ళు అక్కడ ఎవరూ గాలం వేయరు. పెద్ద చేపలు పోతే పిల్లలు చెదిరిపోతాయి. చెదిరినవాటిని కప్పలు, కొంగలు, ఎదురైనవన్నీ తినేస్తాయి. పెళ్ళయి వచ్చాక మేరమ్మ ఈ ఊరి చెరువులోనూ కొమ్మ నాటింది. ఊరు నవ్వింది. తర్వాత ఊరూ నాటింది.

కూలి దొరకని దినాల్లో సంగటిలోకి కూర ఆ చెరువే.

సముద్రాల్లో చేపలు తరుగుతున్నాయని పుస్తకంలో ఉంటే, సముద్రం చూడని పిల్లలకు సారు కంపకొమ్మ చూపించేవాడు. పుట్టేదానికన్నా ఎక్కువ పట్టకూడదు. అంతే పాఠం.

అంతే.

పోయిన వానాకాలం మేరమ్మకు మదనపల్లెలో ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చింది. అన్నం సయించలేదు. కొరమీను రసం తాగితే గాయం తొందరగా మానుతుందని అందరూ అన్నారు. సారు పుంగనూరు సంతంతా తిరిగాడు. ఐసుపెట్టెల్లో ఎక్కడివో సముద్రపు చేపలు... పెంపకం చేపలు... కొరమీను లేదు.

చెరువులో ఉంది.

కొమ్మ పక్కన ఉంది.

ఆ కొమ్మ నాటింది చౌడమ్మ. గాలంతోనే ఇల్లు నడుపుకునే మనిషి. సారు కొమ్మను పీకి పక్కన పెట్టాడు. కప్పను గాలానికి గుచ్చి ఎరుపు మీద ఆడించాడు. పిల్లల మీదికి ఏదొచ్చినా తల్లి పైకి లేస్తుంది — పాఠం చెప్పినవాడికి తెలియదా.

లేచింది.

ఎరుపు చెదిరింది. నీళ్ళు మిగిలాయి.

గిన్నె అందుకుని మేరమ్మ ఒక్కటే అడిగింది.

“పిల్లల మీద కాపలా ఉండేదా?”

“కాదు.”

ఆమె తాగింది. అడుగుదాకా.

పదకొండు రోజులకు పోయింది.

కొమ్మ ఎవరు పీకారని చౌడమ్మ అడగలేదు. ఈ ఏడు ఆమె గాలానికి జిలేబీ చేపలే పడుతున్నాయి, అవీ వేలెడంతవి. కట్ట మీద కనబడితే మాత్రం ఎగతాళి.

“ఏం సారూ, దినామూ వస్తాండావు. చేపలకు హాజరు ఏస్తాండావా?”

“ఏస్తాండా చౌడమ్మా. ఎవరూ పలకడంలేదు.”

ఈ పొద్దున వాన వెలిసింది. తూము పక్కన, తుంగలో —

నీళ్ళ మీద ఎరుపు.

రాలిన పూలా... పొద్దుటి ఎండా... అద్దాలు తుడుచుకున్నాడు. దగ్గరికి పోతే తెలుస్తుంది. దగ్గరికి పోతే చెదురుతుంది.

కంపకొమ్మ విరిచాడు. ముల్లు దిగింది. వంగి, ఒడ్డు బురదలో నాటాడు.

చౌడమ్మ గాలం పట్టుకుని వచ్చి ఆగింది. రోజూ ఆమె కూర్చునే చోటే అది. కొమ్మను చూసింది. నీళ్ళను చూసింది.

“కనబడినాయా సారూ?”

అవును అనడం సులువు. కాదు అనడం ఎంత సులువో ఆయనకు తెలుసు.

“తెలీదు చౌడమ్మా.” వేలిలో దిగిన ముల్లు లాగేసుకున్నాడు. “పోయినేడు నీ కొమ్మ పీకింది నేనే.”

ఆమె గాలం దారం చుట్టుకుంటూ ఉంది.

“తెలుసు సారూ. రసం తాగిన మర్నాడు మేరమ్మక్క నన్ను పిలిపిచ్చె. ఆయప్పను ఏమీ అనొద్దనింది.”

ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని అవతలి ఒడ్డుకు నడిచిపోయింది.

ఎనిమిదింటి బస్సు హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. పోయింది.

సారు కొమ్మ పక్కనే నిలబడి ఉన్నాడు.

నీళ్ళ మీద ఎరుపు. చాటంత ఎరుపు.

అదే కదులుతోందో... కళ్ళే కదిలిస్తున్నాయో —