పుట్టకముందే అల్లిన చొక్కా

పుట్టబోయే బిడ్డకు ముందుగా బట్ట సిద్ధం చేస్తే ఆ బిడ్డ దక్కదు. ఈ మాట మీద గోగులపాళెంలో ఎవరికీ అనుమానం లేదు. రెబెక్కమ్మ కూతురు అబిగయీలుకు చనిపోయిన బిడ్డ పుట్టడానికి కారణం అదేననీ, నెలలు నిండకముందే దొరసాని కూర్చుని అల్లిన తెల్లచొక్కా ఆ పసివాడిని పొట్టన పెట్టుకుందనీ ఇటు సముద్రపు ఒడ్డు నుంచి అటు అల్లూరు దాకా అందరికీ తెలుసు.

రెబెక్కమ్మది వారాలూ వర్జ్యాలూ విడిచి మూడు తరాలైన క్రైస్తవ కుటుంబం. ముహూర్తం చూడరు, తాయెత్తు కట్టరు. అయినా పురుడు వచ్చేదాకా ఇంటికి కొత్తగుడ్డ తేకూడదన్న నియమం ఒక్కటి మాత్రం ఆ ఇంట్లో చెక్కుచెదరకుండా ఉంది. పుట్టిన బిడ్డను మొదట చుట్టవలసింది పాత చీరముక్కలోనే. ఎందుకని అడిగినవారు లేరు. పసిబిడ్డలు ఎక్కువగా పోయే రోజుల్లో, వేసేందుకు ఒళ్ళు లేక మిగిలిపోయిన చిన్నచిన్న బట్టలను చూడలేక ఎవరో తల్లి పెట్టుకున్న కట్టుబాటు కావచ్చు. దుఃఖంలో పుట్టిన జాగ్రత్త కాలం గడిచేకొద్దీ శాసనమై కూర్చుంటుంది.

దొరసాని అసలు పేరు మార్గిత్. ఎస్టోనియా అనే చిన్న చలిదేశం ఆమెది. రెబెక్కమ్మ తమ్ముడు ఆనందబాబు సరుకు ఓడల్లో ఇంజనీరుగా తిరిగే కాలంలో అక్కడి రేవులో ఆమెను కలిశాడు, పెళ్ళి చేసుకున్నాడు, ఉద్యోగం విరమించాక సొంత ఊరికి తీసుకువచ్చాడు. అక్క ఇంటి ఆవరణలోనే రెండు గదులు వేసుకుని ఉన్నారు. కిందటి వానాకాలంలో కాలేయం చెడి ఆయన పోయాడు. పోయే ముందు మంచం పక్కన కూర్చున్న రెబెక్కమ్మ చెయ్యి పట్టుకుని, "అక్కా, దానికి ఈడ నువ్వు తప్ప ఎవురూ లేరు. పంపించబాకా" అన్నాడు. పంపించనని ఆమె మాట ఇచ్చింది. ఇవ్వకపోయినా పంపించేది కాదు. ఆ ఆవరణలో మిగిలింది ఇద్దరు విధవరాండ్రు. ఒకరికి ఒకరు లేకపోతే పొద్దు గడిచేది కాదు.

మార్గిత్ తెలుగు నేర్చుకున్నది ఎక్కువగా బైబిలు చదివి. అందుకే ఆమె పలకరింపు కూడా వాక్యం చదివినట్టుండేది.

"వదినా, ఎండ మిక్కిలి తీవ్రముగా నున్నది. మీకొరకు మజ్జిగ సిద్ధపరచితిని."

"ఇయ్యవే తల్లీ. తాగినాక ఆమెన్ అనాల్నా?" అనేది రెబెక్కమ్మ.

ఫిబ్రవరిలో, మంచు తగ్గి మామిడిపూత ముదిరిన రోజుల్లో, మార్గిత్ ఒక పని మొదలుపెట్టింది. భర్త ఓడలో వేసుకు తిరిగిన బూడిదరంగు స్వెట్టరును మెడ దగ్గర కత్తిరించి, ఒక్కొక్క వరుసా విప్పి, ఊలును మోచేతికి చుట్టి, ఉతికి తీగ మీద వేలాడదీసింది. ఏళ్ళ తరబడి అల్లికలో ఉన్న ఊలు వంకీలు తిరిగి ఉంటుంది. అది చక్కబడడానికి ప్రతి చుట్ట కిందా నీళ్ళు నింపిన సీసా కట్టింది.

పక్కింటి వెంకటశేషమ్మ గోడ మీదుగా తొంగి చూసింది. "ఏంది రెబెక్కమ్మక్కా, మీ మరదలు తీగ మీద సేమ్యాలు ఆరేసింది?"

"సేమ్యాలు కాదు మే. మా తమ్ముడి స్వెట్టరు."

"మనిషి పోతే గుడ్డలు దానం చేస్తారు గాని విప్పుతారంటే ఇదే చూడ్డం. ఎండలు ముదరతా ఉంటే ఇప్పుడు స్వెట్టరు ఎవురికి? చెరువులో రొయ్యలకా?"

"రొయ్యలకే. అన్ని కాళ్ళకీ మేజోళ్ళు అల్లేసరికి క్రిస్మస్ వచ్చేస్తాదిలే."

మార్గిత్ కూడా నవ్వింది. ఆ ఊలుతో ఆమె అల్లింది శాలువా. దాన్ని రెబెక్కమ్మ భుజాల మీద కప్పి, "ఇది ఆనంద్. ఇప్పుడు ఇద్దరమూ పంచుకొందుము" అంది. రెబెక్కమ్మ ఆ శాలువాతోనే తెల్లవారుజాము ప్రార్థనకు వెళ్ళేది. ఉక్కపోసినా తీసేది కాదు.

మార్చి వచ్చేసరికి ఉప్పుగాలికి ఊలు వేళ్ళకు అంటుకోసాగింది. మార్గిత్ నూలుదారానికి మారింది. వలలాంటి అల్లికతో సంచులు అల్లి ఇరుగుపొరుగుకు ఇచ్చింది. పట్టపుపాళెం జాలరి ఆడవాళ్ళు వాటిలో చేపలు తెచ్చుకుంటూ, తమ వలలు చూసే నేర్చుకుందని చెప్పుకున్నారు. ఊరు ఆమెకు అలవాటు పడుతోంది. ఆమె కూడా పొద్దున ముగ్గు వెయ్యడంలోనో, పడమటి పొలాల్లో కోత యంత్రాల చప్పుడు వినడంలోనో ఏదో ఒకదానిలో కుదురుకుంటున్నట్టే కనిపించింది.

అబిగయీలు తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది అప్పుడే. ఆమె భర్త కిషోర్ బాబుకు చెన్నైలో ఉద్యోగం. పగలంతా ఆ పిల్ల మార్గిత్ వరండాలోనే ఉండేది. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల హోరు వింటూ, సూదులు ఆడే తీరు చూస్తూ, "అత్తా, నాకూ నేర్పు" అని రెండు వరుసలు అల్లి, చిక్కుపరిచి తిరిగి ఇచ్చేది. బిడ్డకు మాత్రం ఏమీ అల్లవద్దని రెబెక్కమ్మ మొదటిరోజే చెప్పింది. మార్గిత్ తల ఊపింది. అర్థమైందనే రెబెక్కమ్మ అనుకుంది.

డాక్టరుకు చూపించుకోవలసిన రోజున రెబెక్కమ్మ చేనికి కోత యంత్రం వచ్చింది. వదులుకుంటే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. అందుకని మార్గిత్ తోడు వెళ్ళింది. ఊళ్ళోని చెంగయ్య ఆటోలో అల్లూరు, అక్కడి నుంచి బస్సులో నెల్లూరు. సాయంత్రం తిరిగి వచ్చాక అబిగయీలు కాళ్ళు పీకుతున్నాయని గదిలోకి పోయి పడుకుంది. వడ్లు ఆరబోయించే హడావిడిలో రెబెక్కమ్మ ఎక్కువ అడగలేదు.

మర్నాడు పొద్దున ఆమె వరండాలోకి వచ్చి చూస్తే మార్గిత్ ఒడిలో తెల్లదారం ఉంది. సూదుల మీద అరచేతి వెడల్పున చిన్న చొక్కా. భుజాలు అప్పటికే తేలాయి.

"ఏంది మార్గీతూ అది?"

మార్గిత్ సూదులు ఆడిస్తూనే ఉంది.

"నేను చెప్పినానా లేదా? పుట్టకముందే వద్దని చెప్పినానా? ఈడ ఇయ్యి."

"క్షమించుడి వదినా. దీనిని నేను ముగింపవలెను."

"ముగించేదేంది? నా మాటంటే అంత లెక్క లేకుండా పోయిందా?" రెబెక్కమ్మ చెయ్యి చాచింది. మార్గిత్ ఆ చొక్కాను గుండెకు హత్తుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆమె ఎన్నడూ అలా చేసిన మనిషి కాదు.

ఆ రాత్రి కిషోర్ బాబు చెన్నై నుంచి వచ్చాడు. తెల్లవారాక, నొప్పులు మొదలయ్యాయని చెప్పి అబిగయీలును ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. మరుసటి పొద్దు వాలకముందే బిడ్డ పుట్టాడు, ఏడవలేదు. "పురిట్లోనే పోయినాడత్తా" అన్నాడు అల్లుడు, నేల చూస్తూ. గుడ్డలో చుట్టి తెచ్చిన బిడ్డ ముఖం మీది నుంచి అంచు తొలగించినప్పుడు, ఆ ఒంటిమీద తెల్లచొక్కా రెబెక్కమ్మ కంటపడింది. కొలిచి చేసినట్టు సరిపోయింది. సమాధుల తోటలో పిల్లలను పూడ్చే మూలన పాస్టరుగారు చిన్న ప్రార్థన చేశారు. ఇసుక తేలికగా పూడింది.

"నా కళ్ళతో చూస్తానే ఉన్నా. చేతిలోది లాక్కోలేకపోయినా" అని రెబెక్కమ్మ వెంకటశేషమ్మ దగ్గర ఏడ్చింది. ఆ ఒక్క మాట చాలింది. చొక్కా ముందు, చావు తరువాత: ఊరికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. మనుషులు ఒకదాని వెనుక ఒకటి జరిగితే మొదటిదే రెండోదానికి కారణమనుకుంటారు. దుఃఖంలో ఉన్నవారైతే మరీ త్వరగా అనుకుంటారు, ఎవరో ఒకరి మీద కోపం ఉంటే రాత్రి కొంత నిద్ర పడుతుంది గనక.

అబిగయీలుకు పాలు పడ్డాయి. తాగే బిడ్డ లేదు. ఎండాకాలపు మల్లెలు విరివిగా వస్తున్న రోజులవి. రెబెక్కమ్మ పెద్దల పద్ధతిలో రోజూ పూలు తెచ్చి రొమ్ములకు కట్టింది. ఈ ఒక్క పాతవైద్యాన్ని పరీక్షించి చూసిన డాక్టర్లు కూడా అందులో నిజముందనే అన్నారు. పాలు ఇంకాయి. పిల్ల మాత్రం గోడవైపు తిరిగి పడుకుని పలకరిస్తే పలికేది కాదు. మార్గిత్ గంజి చేసి తెస్తే రెబెక్కమ్మ గుమ్మానికి అడ్డం నిలుచుంది.

"నా బిడ్డ గడప తొక్కద్దు నువ్వు."

"చిత్తము వదినా" అంది మార్గిత్. గిన్నె మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు మార్గిత్ గేటుకు ఒక సంచి తగిలించి ఉంది. మర్నాడు మరొకటి. ఆమె అల్లి ఇచ్చినవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి వచ్చాయి. ఎవరూ చేతికి ఇవ్వలేదు, చీకటి పడ్డాక తగిలించి పోయారు. పొద్దున్నే మార్గిత్ వాటిని విప్పి, మడిచి లోపలికి తీసుకుపోయేది. రెబెక్కమ్మ కిటికీలోంచి చూసేది. శాలువాను ట్రంకుపెట్టె అడుగున పెట్టింది గాని తిరిగి ఇవ్వలేకపోయింది. గుడ్ ఫ్రైడేనాడు గుడిలో మార్గిత్ కూర్చున్న వరుస ఆమెకే మిగిలింది. సిలువ మీది ఏడు మాటల ధ్యానం ముగిసేదాకా ఆమె వీపు నిటారుగానే ఉంది.

ఆ సాయంత్రం మార్గిత్ ఆవరణ మధ్యలో నిలబడి, "ఈస్టరు పండుగైన తరువాత నేను నా దేశమునకు వెళ్ళుదును" అంది.

ఆమెకు అక్కడ ఎవరూ లేరని రెబెక్కమ్మకు తెలుసు. తల్లిదండ్రులు పోయారు, ఇల్లు ఎప్పుడో అమ్మేశారు. పోవద్దని ఒక్క మాట అంటే చాలు. తమ్ముడు పట్టుకున్న చెయ్యి బరువెక్కినట్టు అనిపించింది. తెల్లచొక్కా కళ్ళముందు ఆడింది. "నీ ఇష్టం" అంది రెబెక్కమ్మ.

ఈస్టరు మర్నాడు చెన్నై విమానాశ్రయానికి కారు వచ్చింది. మార్గిత్ ముందు సమాధుల తోటకు నడిచి వెళ్ళి వచ్చింది. తరువాత రెబెక్కమ్మ గుమ్మం ముందు నిలబడింది. లోపల రెబెక్కమ్మ ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంది, అవసరానికి మించి తరిగింది. గుమ్మం దగ్గరి నీడ కాసేపు ఉండి తొలగిపోయింది. కారు కదిలిన చప్పుడు విన్నాక కత్తిపీట పక్కన పెట్టింది.

సాయంత్రం ఆ రెండు గదులూ ఊడ్చడానికి వెళితే గంపలో మిగిలిన దారం ఉండలూ, తిరిగి వచ్చిన సంచులూ కనిపించాయి. తెల్ల ఉండ కూడా ఉంది. అబిగయీలు మళ్ళీ తల్లి కావలసిన పిల్ల. ఇవి ఇంట్లో ఉండకూడదు. గంపను పెరట్లోకి తెచ్చి, కొబ్బరిమట్టలు పేర్చి నిప్పు పెట్టింది. ముందుగా బూడిదరంగు ఊలు వేసింది. వెంట్రుకలు కాలిన వాసన లేచింది. తెల్ల ఉండ చేతిలోకి తీసుకుంది.

"అది వెయ్యద్దమ్మా."

అబిగయీలు పెరటి గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడి ఉంది. గది దాటి బయటికి రావడం అదే మొదలు.

"నువ్వు లోపలికి పో. పొగ మంచిది కాదు."

"అది నేనే కొనిపించినా. నేనే అల్లమన్నా."

రెబెక్కమ్మ ఆ మాటను కోపంగానే విన్నది. "ఎందుకే? నీకు మాత్రం తెలీదా, ముందుగా..."

"ముందుగా కాదమ్మా." అబిగయీలు గొంతు మామూలుగానే ఉంది. ఏడ్చి ఏడ్చి అరిగిపోయిన గొంతు అది. "ఆ పొద్దు స్కానింగులో చూసి డాక్టరమ్మ మెషీను ఆపేసింది. గుండె కొట్టుకోవడం లేదనింది. మాత్ర ఇచ్చి, రెండు రోజులాగి మొగుడితో రా, నొప్పులు రప్పిస్తామనింది. నాకు ఒకటే ఆలోచన వచ్చింది. వాడిని కూడా పాతగుడ్డలో చుట్టి పెట్టేస్తారు, వాడిదంటూ ఒక్క గుడ్డ కూడా ఉండదు అని. బస్టాండు కాడ దారం కొనమని మార్గీతత్తను నేనే బతిమాలుకున్నా. పండుకోకుండా అల్లింది."

మట్టలు చిటపటమన్నాయి.

"నాకెందుకు చెప్పలేదు? కన్నతల్లిని గదా. కిషోర్ కూడా పురిట్లోనే పోయినాడన్నాడు."

"నేనే అట్టా చెప్పమన్నా." అబిగయీలు తల్లి వైపు చూడలేదు. "అంతకు ముందు కదలడం లేదమ్మా అని నీకు చెప్పినా. నెలలు నిండేకొద్దీ బిడ్డ మెదలడం తగ్గుతాదిలే, డాక్టరమ్మ రమ్మన్న రోజే పోదువులే అన్నావు. ముందే పోయినా దక్కేవాడని చెప్పలేమనింది డాక్టరమ్మ. కానీ బిడ్డ ముందే పోయినాడని తెలిస్తే నువ్వు బతకవని మార్గీతత్త భయపడింది. ఊరు నన్నే అననీ, మీ అమ్మ మాత్రం తన్ను తాను అనుకోకూడదు అనింది. నేను ఊరుకున్నా. నాకు మాట్లాడే ఓపిక లేక ఊరుకున్నా."

రెబెక్కమ్మ లేచి లోపలికి వెళ్ళి ఫోను తెచ్చింది. మార్గిత్ నంబరు నొక్కింది. స్విచాఫ్ అని ఒక ఆడగొంతు మూడు భాషల్లో చెప్పింది. మళ్ళీ నొక్కింది. తూర్పున సముద్రం చీకటిలో కలిసింది. మట్టలు కాలి కూలిపోయాయి.

ఆ బిడ్డ గుండె, వాళ్ళు నెల్లూరు బస్సు ఎక్కక మునుపే ఆగిపోయి ఉంది. మార్గిత్ తెల్లదారం కొన్నది డాక్టరు ఆ సంగతి చెప్పిన తరువాత, ఇంటికి తిరిగివచ్చే దారిలో.