దీపం మీద నల్లటేపు

ఎవరింట్లోనైనా ఫ్యూజులో సన్నతీగ బదులు లావు రాగితీగ కనిపిస్తే చాలు, ఎలక్ట్రీషియన్‌కి పూనకం వచ్చేది. "తీగ కాలిపోతోందని లావుది కట్టారా? రేపు ఇల్లే కాలిపోతుంది, అప్పుడేం కడతారు?" అని ఆ ఇంటాయన్ని పెళ్ళాంపిల్లల ముందే దులిపేసేవాడు. పాపం, ఎంత పెద్దమనిషైనా తప్పు చేసిన పిల్లాడిలా తలొంచుకునేవాడు. ఈయన పనికి తిరుగులేదు, నోటికి అసలే లేదు.

అలాంటి మనిషి సొంత కారులో చేసిన పని వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఆ కారు ఆయన చేతికి వచ్చేనాటికే ఇద్దరు యజమానుల్ని చూసింది. పొడవాటి డిక్కీ, మెత్తటి సీట్లు, తలుపు వేస్తే 'ధబ్' మని పెద్దింటి చప్పుడు. చవకగా కొట్టేశానని మురిసిపోయాడు. "చవగ్గా వచ్చిందని ఏనుగుని తోలుకొస్తే మేతెవరు వేస్తారు?" అంది భార్య ఆ రోజే. మేత మొదలవనే అయింది. క్లచ్ ప్లేటు అయ్యాక బ్యాటరీ, బ్యాటరీ అయ్యాక గతుకుల్లో లొడలొడమనే ముందు చక్రాల బుష్‌లు. అవి మార్చేసరికి టైర్లు నున్నగా గుండు కొట్టించుకున్నాయి. ఏసీ మాత్రం బ్రహ్మాండంగా పనిచేసేది, చలికాలంలో. భార్య ఆ కారుకి సవతి అని పేరు పెట్టింది. "మీ ఆవిడకి ఈ నెల ఏం నగ చేయించావు?" అని అడిగేది.

చివరికి ఒకనాడు తేల్చేసింది. "ఇంకొక్క రిపేరు వచ్చిందంటే దాన్ని అమ్మెయ్యాల్సిందే." ఆయన సరేనన్నాడు. సరేనన్న వారంలోనే ఎర్రదీపం వెలిగింది.

ఇంజన్ వేడెక్కుతోందని చెప్పే దీపం అది. ఆ కారుకి వేడి చూపించే ముల్లు లేదు, ఆ దీపమే దిక్కు. వాటర్ పంపు కారుతోంది, మార్చాలన్నాడు మెకానిక్. వచ్చే నెల చూద్దాంలే అన్నాడు ఈయన. డిక్కీలో నీళ్ళ డబ్బా పెట్టుకుని, బయల్దేరినప్పుడల్లా రేడియేటర్లో పోసుకుంటూ నెట్టుకొచ్చాడు. ఇంజన్ గొంతు మారితే ఆయన చెవికి తెలిసిపోయేది, పక్కకి ఆపేసేవాడు. కానీ దీపానికి వేళాపాళా లేదు. సరిగ్గా భార్య పక్కన కూర్చున్నప్పుడే వెలిగేది.

"ఏమిటది ఎర్రగా?"

"పాతబళ్ళకి అంతే."

"పాతమొగుళ్ళకి కూడా అంతేనా, మాట దాటేస్తారు?"

మర్నాడు పొద్దున్నే పనిసంచిలోంచి నల్లటేపు తీశాడు. గోరంత ముక్క బ్లేడుతో కోసి దీపం మీద అంటించి, అంచులు గోటితో నొక్కాడు. నల్లటి డాష్‌బోర్డులో నల్లటేపు కలిసిపోయింది. అంత శుభ్రమైన పని ఏ ఇంట్లోనూ చేసి ఉండడు.

ఇలా ఉండగా ఆయన చెల్లెలి భర్త వచ్చి కారు అడిగాడు. ఆ బావగారు లైబ్రేరియన్. పుస్తకంలో ఎవరైనా పేజీ మడిస్తే తన చెవి మెలిపెట్టినట్టు బాధపడే మనిషి. వాళ్ళమ్మకి కంటి ఆపరేషన్ అయింది, కుదుపుల్లేకుండా ఇంటికి తీసుకెళ్ళమన్నారు డాక్టరుగారు.

తాళాలు చేతికిస్తుంటే అడిగాడు, "బావా, పాతబండి కదా, నేను చూసుకోవాల్సిందేమైనా ఉందా?"

నీళ్ళ మాట నోటిదాకా వచ్చింది. కానీ గుమ్మంలో భార్య టీ గ్లాసుతో నిలబడి ఉంది. నీళ్ళంటే ఎందుకంటుంది, ఎందుకంటే దీపం దాకా పోతుంది. పొద్దున నిండా పోశాను కదా, ఈ కాస్త దూరానికి చాలవా అనుకుని మింగేశాడు.

"ఏమీ లేదు బావగారూ, బండి బంగారం."

"బంగారమే అన్నయ్యగారూ, దానికి పోసింది నామీద పోసుంటే నేనీపాటికి మెరిసిపోయేదాన్ని" అంది భార్య.

ఎలక్ట్రీషియన్ మధ్యాహ్నం భోజనానికి వచ్చి కూర్చోగానే ఫోన్ మోగింది. "బావా, ఘోరం జరిగిపోయింది. మీ కారు పాడుచేశాను."

చేతిలో ముద్ద కంచంలో వదిలేశాడు. "అత్తయ్యగారికి..."

"అమ్మ బాగానే ఉంది. నీకే నా మొహం ఎలా చూపించాలో తెలియట్లేదు."

మెకానిక్‌కి కబురు చెప్పి స్కూటరు తీశాడు. భార్య కూడా వెనకెక్కింది.

కారు రోడ్డు పక్కన బానెట్ తెరుచుకుని, ఆవిరి కక్కి కక్కి అలిసిపోయి ఉంది. మూసి ఉన్న కొట్టు మెట్ల మీద ముసలావిడ కంటికి ఆకుపచ్చ గుడ్డతో కూర్చుంది. లైబ్రేరియన్ ఆస్పత్రి ఫైలు అట్టతో ఆమెకి విసురుతున్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. వీళ్ళని చూడగానే విసరడం ఆపి రెండు చేతులూ జోడించాడు.

"క్షమించు బావా. దీపాలన్నీ చూస్తూనే ఉన్నాను, ఒక్కటీ వెలగలేదు. ఎక్కడో ఏమరుపాటుగా ఉన్నాను."

"వీడి సంగతి తెలిసిందేగా నాయనా" అంది ముసలావిడ. "కళ్ళద్దాలు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు. బస్సులో పోదాం రా అంటే వింటేనా? నా కన్ను బాగుచేయించబోయి నీ బండి చెడగొట్టాం."

చెల్లెల్నిచ్చిన ఇంటివాళ్ళు తన ముందు చేతులు జోడించడం ఎలక్ట్రీషియన్ చూడలేకపోయాడు.

ఈలోగా వచ్చిన మెకానిక్ ఇంజన్‌లోకి తొంగిచూసి పెదవి విరిచాడు. "వేడికి ఇంజన్ హెడ్, అదే పైమూత, వంగిపోయినట్టుంది. మొత్తం విప్పాల్సిందే. దీపం వెలిగుండాలే?" తాళం తిప్పాడు. దీపాలన్నీ వరసగా వెలిగాయి, ఒక్కచోట తప్ప. "బల్బు పోయినట్టుంది. అయినా సార్, ఆవిరి అంతలా వస్తుంటే కనపడలేదా?"

లైబ్రేరియన్ తలొంచుకున్నాడు. "ఖర్చంతా నాదే బావా. కాదనకు."

బల్బు! ఎవరో తలుపు తీసి రమ్మన్నట్టుంది. ఒక్క ఊఁ అంటే చాలు, టేపు సంగతి తర్వాత చూసుకోవచ్చు. "బల్బే అయ్యుం..." అని సగం అనేశాడు కూడా. అప్పుడు ఆ వంగిన తలకాయ కంటబడింది. తన చేత తిట్లు తిన్న ఇంటాయనలంతా అలాగే తలొంచుకునేవాళ్ళు. కాకపోతే వాళ్ళు తప్పు చేశారు.

కారులోకి వంగి గోటితో గీకాడు. ఊడదే! తన చేతిపని కదా. అందరూ చూస్తుండగా గీకి గీకి పీకాడు. కింద దీపం ఎర్రగా, నిక్షేపంలా వెలుగుతోంది.

"నేనే అంటించాను" అన్నాడు. ఎవరివైపూ చూడలేదు.

మెకానిక్ కొంపలంటుకున్నట్టు మళ్ళీ బానెట్‌లోకి దూరిపోయాడు. లైబ్రేరియన్ కళ్ళద్దాలు సర్దుకుని దీపాన్ని చాలాసేపు చూశాడు. తిడతాడని, తిడితే బాగుండునని ఎలక్ట్రీషియన్ కాచుకుని ఉన్నాడు. లైబ్రేరియన్ గుండెలనిండా ఊపిరి పీల్చి వదిలాడు.

"అయితే నేను సరిగ్గానే చూశానన్నమాట. అమ్మా, నేను సరిగ్గానే చూశానే!"

ఆ గొంతులో కోపం లేదు, పెద్ద బరువేదో దిగిన సంతోషం ఉంది. ఎలక్ట్రీషియన్‌కి చెవులు కాలిపోయాయి.

భార్య దగ్గరికి వచ్చి, ఆయన వేలికి వేలాడుతున్న టేపుముక్కను చూసింది. ఏదో ఎత్తిపొడుపు వస్తుందనుకున్నాడు. రాలేదు.

"ఇంట్లో ఇంకా ఎక్కడెక్కడ అంటించావు?" అని మెల్లగా అడిగింది.

లైబ్రేరియన్ అంతకుముందే పిలిచిన టాక్సీ వచ్చి ఆగింది. ముసలావిడ ఆసరా కోసం గాల్లోకి చెయ్యి చాపింది. ఎలక్ట్రీషియన్ వేలికున్న టేపు విదిలిస్తే పక్క వేలికి అంటుకుంది. ఆ చెయ్యే అందించాడు.

"ఎవరూ, నువ్వేనా నాయనా? ఏదో అంటించానన్నావు, ఏమిటది? నా రెండో కన్నూ మసకే, ఏం కనబడదు, కాస్త చెప్పు."

ఆమెను మెల్లగా నడిపిస్తూ, పొద్దున మింగేసిన నీళ్ళ మాట దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.